పొదగడం మర్చిపోయిన పెట్టలు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఇందులో తప్పు మాదే, ముందే ఒప్పేసుకుంటున్నాం.

మా ఊరు రంపచోడవరం దాటి పైన, కొండల్లో. మేము ముగ్గురం అక్కాతమ్ముళ్ళం. ముగ్గురం హాస్టల్లోనే చదివాం. పరీక్ష ఫీజు కట్టాలన్నా, బస్సు చార్జీ కావాలన్నా అవ్వ సంతకి ఒక పుంజును పట్టుకెళ్ళేది. అలా మా చదువులో సగం కోళ్ళ మీదే నడిచింది.

నాలుగేళ్ళ కిందట ఊళ్ళో ఇంటికి కొన్ని చొప్పున మేలు జాతి పిల్లలు ఇచ్చారు. తొందరగా ఎదిగాయి, గుడ్లు బాగా పెట్టాయి. అప్పుడు మేమే అవ్వకి చెప్పాం: "నాటు పెట్టలు దండగే అవ్వా. పది గుడ్లు పెట్టి కూర్చుండిపోతాయి. అమ్మేయ్." డిగ్రీలో జువాలజీ చదువుతున్నాం కదా, మా మాట నమ్మింది. అమ్మేసింది.

మొన్న సెలవులకి వెళ్తే అవ్వ అంది: "కోళ్ళున్నాయిరా. కూర్చునే కోడే లేదు."

గుడ్లు గంపలో అలాగే ఉన్నాయి. ఒక్క పెట్ట కూడా పొదుగుకి రాలేదు. కొన్నిటిని గద్ద ఎత్తుకుపోయింది, మిగిలినవి ముసలివైపోతున్నాయి. కొత్త పిల్లలు కావాలంటే డబ్బు పెట్టి కొనాలి. ఇదివరకు అవ్వ పిల్లల్ని ఎప్పుడూ కొనలేదు.

అప్పుడు మళ్ళీ పుస్తకం తీశాం. ఈసారి మార్కుల కోసం కాదు.

కోడి అడవి నుంచి వచ్చిందే. మన తూర్పు కనుమల్లో పొద్దున్నే కూసే ఎర్ర అడవి కోడే పెంపుడు కోళ్ళకి మూలమని డార్విన్ 1868లోనే రాశాడు. పసుపు కాళ్ళ కోళ్ళని చూస్తాం కదా, ఆ పసుపు చర్మం జన్యువు మాత్రం దక్షిణ భారతంలో ఉండే బూడిద రంగు అడవి కోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. అంటే మన పెరట్లో తిరిగేది ఈ రెండు అడవి కోళ్ళ బంధువే.

అడవిలో గూడు నేల మీదే. నక్క, ముంగిస, పాము అన్నీ ఉంటాయి. అందుకే పెట్టకి ఎండుటాకు రంగు. పుంజుకి ఎంత మెరుపున్నా ఫర్వాలేదు, అది గూట్లో కూర్చోదు.

పెట్ట రోజుకొకటి చొప్పున గుడ్లు పెడుతుంది, కానీ మొదటి గుడ్డునే పొదగడం మొదలుపెట్టదు. చాలినన్ని అయ్యాకే కూర్చుంటుంది. అప్పటిదాకా లోపలి పిండం ఎదగకుండా ఆగి ఉంటుంది. అందుకే ముందు పెట్టిన గుడ్డూ చివరి గుడ్డూ 21 రోజులకి ఇంచుమించు ఒకేసారి పగులుతాయి. ముందు వచ్చిన పిల్ల ఒకటి రెండు రోజులు తిండి లేకుండా ఉండగలదు, కడుపులోకి చేరిన పచ్చసొన సరిపోతుంది. మిగతావి వచ్చేదాకా తల్లి లేవక్కర్లేదు. అందరూ ఒకేసారి గూడు వదిలి వెళ్ళిపోతారు. నక్కలున్న చోట ఇంతకన్నా మంచి లెక్క ఏముంటుంది?

ఆ కూర్చోబెట్టేది ప్రొలాక్టిన్ అనే హార్మోను. మన తల్లుల్లో పాలు రప్పించేదీ అదే. గుడ్లు పొట్టకి తగులుతుంటే అది ఇంకా పెరుగుతుంది. గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. పొట్ట కింద ఈకలు రాలి, చర్మానికి రక్తం ఎక్కువగా చేరి, ఆ వేడి నేరుగా గుడ్డుకి తగులుతుంది. రోజుకి ఒకసారి లేచి నాలుగు గింజలు తిని మళ్ళీ కూర్చుంటుంది. బరువు తగ్గిపోతుంది.

మేము దండగ అన్నది దీన్నే.

ఫారం కోడి చెడ్డదని అనడం లేదు. దాని పరిసరం వేరు. షెడ్డు, రోజుకి 16 గంటల వెలుతురు, కొలిచి పెట్టే దాణా, పొదగడానికి మిషను. అక్కడ కూర్చునే పెట్ట నష్టమే. కాబట్టి కూర్చోని వాటినే తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. ఏడాదికి 300 గుడ్లు వచ్చాయి, పొదిగే గుణం పోయింది. మేలు జాతుల్లో చాలావాటికి అదే పోలిక. షెడ్డుకి సరిపడే ఒంటిని కొండ మీదకి తెచ్చి, కొండకి సరిపడే ఒంటిని మేము సంతలో అమ్మేశాం.

వెనకబడినది అని మన గురించి ఎవరైనా అంటే మనకి కోపం వస్తుంది. మన కోడిని మాత్రం మనమే ఆ మాట అన్నాం.

ఇప్పుడు పెద్దమ్మ వాళ్ళ ఊరి నుంచి రెండు నాటు పెట్టల్ని తెచ్చాం, బదులుగా కందులిచ్చాం. ఒకటి పొదుగుకొచ్చింది. పన్నెండు గుడ్లు వేస్తే తొమ్మిది పిల్లలు లేచాయి. ఆ రోజు అవ్వ మాతో ఏమీ అనలేదు. గంప ఎత్తి చూపించింది, అంతే.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవులకి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో ఎన్ని పెట్టలు ఇంకా పొదుగుతున్నాయో లెక్క రాయండి. బాగా పొదిగి, పిల్లల్ని బాగా తిప్పే పెట్టని అమ్మనివ్వకండి, కొయ్యనివ్వకండి. మేలు జాతి పుంజుల్ని వాటిలో కలపకండి. లెక్క ఇక్కడ కింద పెట్టండి. లేని ఊరికి ఉన్న ఊరు నాలుగు గుడ్లు ఇచ్చినా చాలు.