గడియారం వెనక చిన్న బల్బు

నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడింది తెలుగే అయినా, రాయడం మాత్రం రిటైరైనాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ఈసారి చిన్న విషయమే. మా పాత కారు డాష్‌బోర్డులో ముళ్ళ గడియారం ఒకటి ఉంది. దాని లోపలి లైటు పోయి రెండేళ్ళయింది. పగలు టైము కనిపిస్తుంది, రాత్రి అంతా నలుపే. "ఏం పర్లేదు, చేతికి వాచీ ఉంది కదా" అని వదిలేసినాను.

పోయిన చలికాలంలో మా చిన్నమ్మాయికి బెంగళూరులో ఇంటర్వ్యూ వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పటి నుంచి మన పిల్లలకు ఉద్యోగమంటే తెల్లవారక ముందే రైలెక్కడమే కదా. మారికుప్పం నుంచి వచ్చే బండికి ఊరిగాం స్టేషన్లో ఎక్కించాలని బయల్దేరినాను. రాత్రంతా చదివిన పిల్ల వెనక సీట్లో నిద్రపోయింది. నాయన రైల్వే మనిషి, ఆయనకు తెలియని టైమా అని ధైర్యం. నేనేమో వాచీ, ఫోనూ రెండూ ఇంట్లోనే మరిచినాను. గడియారం కనిపించలేదు. ఇంకా పది నిమిషాలుంటుందిలే అనుకుని, పాల బూతు దగ్గర ఆపి, తెలిసినాయనతో రెండు మాటలు మాట్లాడినాను.

స్టేషన్ చేరేసరికి బండి కదిలిపోయింది. కడపటి పెట్టె వెనక ఎర్ర లైటు మాత్రం బాగా కనిపించింది. 33 ఏళ్ళు బుకింగ్ కౌంటర్లో కూర్చుని, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు "కొంచెం ముందే రావాల కదప్పా" అని బుద్ధి చెప్పినవాణ్ణి నేను. అమ్మాయి ఒక్క మాట అనలేదు. "పర్లేదు నాయనా" అనింది. తిట్టినా బాగుండేది. తరువాతి బండికి పోయింది గానీ, ఆ ఉద్యోగం రాలేదు.

మరుసటి రోజే రాబర్ట్‌సన్‌పేటలో మెకానిక్ దగ్గరికి పోయినాను. "ఇంత దానికి ఎవరు ఇప్పుతారు సార్, గడియారమే మార్చేద్దాం" అన్నాడు. ముళ్ళు బాగా తిరుగుతుంటే గడియారం ఎందుకు మార్చాల? వాటికి వచ్చే వైరు వేరు, లైటుకు వచ్చే వైరు వేరు. మీటరు లైట్లు వెలుగుతున్నాయంటే ఫ్యూజు బాగానే ఉన్నట్టు, పోయింది బల్బే అని లెక్క వేసుకున్నాను.

ముందు 10 నంబరు స్పానరుతో బ్యాటరీ నెగటివ్ వైరు విప్పినాను. గడియారం చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీని, గుడ్డ చుట్టిన దోసె గరిటెతో మెల్లగా లేపినాను. దానికి ఇంటామెతో తిట్లు కూడా తిన్నాను. రెండు స్క్రూలు తీస్తే గడియారం చేతికొచ్చింది. వెనక బల్బు హోల్డరును కాలు చుట్టు ఎడమకు తిప్పితే బయటికొచ్చింది. బల్బు వేలి గోరంత, గాజు మసిబారి ఉంది. 12 వోల్టులు, 1.2 వాట్లు.

అదే సైజులో ఎల్‌ఈడీ తెచ్చి పెట్టి, వైరు తగిలించి చూస్తే వెలగలేదు. పాత బల్బును ఎట్ల పెట్టినా వెలుగుతుంది, ఎల్‌ఈడీకి ప్లస్సు మైనస్సు సరిగ్గా ఉండాల. తీసి తిప్పి పెడితే వెలిగింది. కానీ తెల్లగా కళ్ళలో గుచ్చింది. పాత బల్బుకుండే పచ్చ రబ్బరు టోపీని దీనికి తొడిగితే చల్లగా అయింది. కొందరికి ఆ టోపీ పట్టకపోవచ్చు, కొనేటప్పుడే చూసుకోండి.

బ్యాటరీ తీసినందున టైము మళ్ళీ పెట్టాల. మా చిన్నప్పుడు గనుల సైరన్ విని అమ్మ పొయ్యి వెలిగించేది, నాయన షిఫ్టుకు బయల్దేరేవాడు. ఇంట్లో గడియారం లేకపోయినా అందరికీ టైము తెలిసేది. ఇప్పుడు ఫోను చూసి ముళ్ళు తిప్పినాను.

శివనసముద్రం నుంచి 1902లోనే మన గనులకు కరెంటు వచ్చింది. బెంగళూరు వీధులకు వచ్చింది 1905లో. అట్లాంటి ఊళ్ళో పుట్టి, గోరంత బల్బు మార్చేదానికి నాకు రెండేళ్ళు పట్టింది. "పర్లేదు" అన్నది నేను, నష్టపోయింది నా బిడ్డ. అదే నన్ను పొడుస్తూ ఉంది.

అమ్మాయికి ఇప్పుడు వేరే చోట పని దొరికింది. పోయిన సోమవారం చీకట్లో కారెక్కి, గడియారం చూసి, "నాయనా, ఇంకా పన్నెండు నిమిషాలుంది, నిదానంగా పో" అనింది.

ఇది ఎందుకు రాసినానంటే, మన సంఘం హాలు మెట్ల దగ్గర బల్బు పోయి మూడు నెలలైంది. అందరమూ ఫోను లైటుతో దిగుతున్నాము. పెద్దవాళ్ళు ఎవరైనా జారితే ఆ రోజు "పర్లేదు" అనలేము. ఆదివారం బల్బూ నిచ్చెనా నేను తెస్తాను. పట్టుకునేదానికి ఒక్కరు రండి.