కోట ఉంది, కూడు లేదు

ఫ్రాన్సు పల్లెటూళ్ళలో మధ్యాహ్నం రెండు దాటాక ఆకలేస్తే దేవుడు కూడా ఏమీ చెయ్యలేడు. ఈ మాట ఎప్పటినుంచో రాద్దామనుకుంటూ, ఉంటున్న దేశం కదా అని ఊరుకున్నాను. పోయిన ఆదివారంతో ఆ మొహమాటం తీరిపోయింది. షాంబోర్ కోట చూసి, పక్క ఊళ్ళో ఒక చిన్న భోజనశాల ముందు కారు ఆపేసరికి రెండుంపావు. లోపల ఇద్దరు ముసలివాళ్ళు ఇంకా చీజు ముక్కలు కోసుకుంటున్నారు. వెన్నలో ఉల్లిపాయ వేగిన వాసన గుమ్మం దాకా వస్తోంది. నడుముకి తువ్వాలు కట్టుకున్న ఆసామి ఎదురొచ్చి, ఎంతో వినయంగా, వంటగది మూసేశామండి అన్నాడు. రెండు గుడ్లు, ఇంత రొట్టె చాలు అన్నారు మావారు. ఆయన ఇంకా వినయంగా, రాత్రి ఏడున్నరకి రండి అన్నాడు. మా చిన్నాడు అప్పటికే అరుగు మీద కూలబడ్డాడు.

ఏడున్నరకట! ఆ వినయమే నన్ను ఎక్కువ మండించింది. కసురుకున్నా బాగుండేది.

అంతకు ముందు మూడు గంటలసేపు ఇదే దేశాన్ని నోరారా మెచ్చుకుంటూ తిరిగాను. షాంబోర్‌ని చూసి మెచ్చుకోనివాళ్ళు ఉండరు. ఫ్రాన్స్వా అనే రాజు 1519లో మొదలుపెట్టిన కోట. నాలుగొందల పైచిలుకు గదులు, 77 మెట్లదారులు. నడిమధ్యన రెండు మెట్లవరసలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి పోతాయి. ఒకదాంట్లో మావారు, ఒకదాంట్లో నేను ఎక్కాం. మధ్యలో ఉన్న కిటికీల్లోంచి ఒకరికొకరం కనపడతాం గానీ పైకి చేరేదాకా కలవం. ఆ ఉపాయం లియొనార్డో డావిన్సీదే అంటారు. ఆయన అదే ఏడాది మే 2న, దగ్గర్లోనే ఉన్న ఆంబ్వాజ్‌లో పోయాడు. కోట చుట్టూ ఉన్న అడవికి 32 కిలోమీటర్ల ప్రహరీ ఉంది. గోడ లోపల జింకలూ అడవిపందులూ తిరుగుతుంటాయి.

ఇంతా చేసి ఆ రాజుగారు తన 32 ఏళ్ళ పాలనలో అక్కడ పడుకున్నది 72 రాత్రులట. వచ్చినప్పుడల్లా మంచాలూ తివాచీలూ బళ్ళమీద వెంట తెచ్చుకునేవాడు. కోటలో గోడ పొయ్యిలు 282 ఉన్నాయి. అవి చలికాచుకోవడానికేనని నాకూ తెలుసు. అయినా ఖాళీ కడుపుతో తలుచుకుంటే 282 పొయ్యిలు అనే మాట వేరేగా వినిపిస్తుంది.

షెనొంసో కోటలోనైతే అసలు వంటిల్లే చూడాలి. షేర్ నది మీద వంతెనలా కట్టిన మేడ అది. వంటిల్లు నీళ్ళలో దిగిన స్తంభాల పునాదిలో ఉంటుంది. సరుకులు పడవలమీద తిన్నగా వంటింటి గుమ్మానికే వచ్చేవి. గోడ పొడుగునా రాగి గిన్నెలు, అరచెయ్యంతవి మొదలు మనిషి కూర్చోగలిగినంతవాటి దాకా, తోమిపెట్టి మెరుస్తుంటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో పైనున్న పొడుగాటి వసారాని ఆస్పత్రి చేసి రెండువేల మందికి పైగా గాయపడినవాళ్ళకి వైద్యం చేశారు. రెండో యుద్ధంలో ఆ నదే జర్మన్ల ఆక్రమణకి సరిహద్దు కావడంతో, ఈ ఒడ్డు తలుపున దూరి ఆ ఒడ్డు తలుపున బయటపడి ఎందరో ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ కథ చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అక్కడా అంతే, బయటికొచ్చి టైము చూస్తే రెండు దాటింది.

ఇక విలాంద్రీ. 1906లో స్పెయిన్ నుంచి వచ్చిన కార్వాలో అనే డాక్టరు కొని, తోటని పాత పద్ధతిలో మళ్ళీ వేయించాడు. తొమ్మిది చదరాల్లో కూరగాయలు. ఊదారంగు క్యాబేజీ పక్కన ఎర్రకాడల ఆకుకూర, దాని పక్కన గుమ్మడి. ఏ రంగు పక్కన ఏ రంగు అన్న లెక్కేగానీ ఏ కూరలోకి ఏ కాయ అన్న ఆలోచన లేదు. మా పక్కన నిలబడ్డ అమలాపురం పెద్దాయన, పిల్లల్ని చూడ్డానికి వచ్చినట్టున్నారు, చాలాసేపు చూసి, "ఇంత కాపు కాయించి ముద్దపప్పులోకి ఒక్కటీ కొయ్యరా, ఆయ్?" అన్నారు. పరాయి ఊళ్ళో ఆ ‘ఆయ్’ వినపడితే చాలు, నాకు మరో రెండు కోటలు చూసే ఓపిక వస్తుంది.

ఆఫీసులో నాతో పనిచేసే ఫ్రెంచావిడ దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకుంటే, "వంటాయనకీ ఆకలేస్తుందిగా, ఆయనకీ ఇల్లుంటుందిగా" అంది. వారానికి 35 గంటల పని అని చట్టం రాసుకున్న దేశం. న్యాయమే. కానీ నేను కోనసీమలో కాట్రేనికోన పిల్లని. మా మామ్మ మూడింటికి వచ్చినవాళ్ళకి నాలుగింటికి విస్తరి వేసేది. గిన్నెలో అడుగున మిగిలిన అన్నం, ఉదయం పులుసు, కొత్తావకాయ, చివర గడ్డపెరుగు. వచ్చినాయన పాలేరా, పురోహితుడా, కరెంటు మీటరు చూసుకునేవాడా అన్నది తర్వాత సంగతి. వంటగది మూయడం అనే మాటే మా ఇంట్లో వినలేదు. అసలు ఆ వంటింటికి తలుపే సరిగ్గా పడేది కాదు.

ఫ్రెంచివాళ్ళు మాకు కొత్తవాళ్ళూ కారు. గోదావరికి ఆవలి ఒడ్డున యానాం 1954 దాకా వాళ్ళదే. ఎదుర్లంక వంతెన పడకముందు పంటు మీద దాటేవాళ్ళం. యానాం మంగళవారం సంతకి దొరల కాలంలో విదేశీ సరుకు కోసం చుట్టుపక్కల జనమంతా ఎగబడేవారట. ఇక్కడేమో పల్లెల్లో సోమ, మంగళవారాలు సగం హోటళ్ళకి తాళాలే. ఇన్నేళ్ళు పొరుగున ఉండి మాకు ఈ అలవాటు అంటించకుండా పోయినందుకు వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1909లో పోయిన ఆవిడ పేరు ఇవాళ బడి భోజనానికి పెట్టుకున్నాం, గన్నవరం అక్విడెక్టుకి పెట్టుకున్నాం. అంతర్వేది తీర్థానికి పల్లకీలో వెళ్తుంటే, దారిలో ఒక పెళ్ళిబృందం పిల్లల ఆకలికి ఓదార్పుగా ‘ఇంకాస్తలో సీతమ్మగారి ఇల్లు’ అనుకోవడం విని, బోయీల్ని వెనక్కి తిప్పించి ఇంటికెళ్ళి వండిపెట్టిందని కోనసీమంతా చెప్పుకుంటారు. ఈ కథ ఆ తువ్వాలు కట్టుకున్న ఆసామికి చెప్పాలని ఉంది. పల్లకీ అంటే ఏమిటో చెప్పేసరికి ఏడున్నర అవుతుంది.

లువార్ నది గట్టున కారులో పోతుంటే మాత్రం నా నోరు మూతపడుతుంది. అచ్చం మన ఏటిగట్టు. అవతల ఇసుక తిప్పలు, లంకలు, కొంగలు. గట్టు కింది ఊళ్ళలో ఇళ్ళ గోడలమీద, వంతెనల మీద రాళ్ళలో గీతలు చెక్కి ఉంటాయి: 1846, 1856, 1866. ఆ ఏడాది వరదనీళ్ళు ఇంతెత్తుకొచ్చాయని. ఒక గీత నా భుజం పైకుంది. నేను 1996 నవంబరు 6 రాత్రికి వెళ్ళిపోయాను. ఆ రాత్రి వచ్చిన తుపాను మా కాట్రేనికోన, బలుసుతిప్ప వైపుని ఊడ్చిపెట్టేసింది, వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారేసరికి మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్లని వేళ్ళమీద లెక్కపెట్టాం. పెంకులెగిరిపోయిన వంటింట్లో తడిసిన కట్టెలు ఊదీ ఊదీ, మా మామ్మ పెద్ద డేగిసాతో గంజన్నం వార్చి వీధివీధంతా పెట్టింది. ఆ రాత్రి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో మా ఊళ్ళో ఏ గోడమీదా గీత లేదు. చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

గీత గీయడానికి ఆ గోడలైనా ఉంటేగా! మా వీధిలో మండువా లోగిళ్ళు ఒక్కొక్కటే పోయాయి. టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు లారీలెక్కి ఎక్కడెక్కడి రిసార్టులకో వెళ్ళాయి. వర్షం నడిమింట్లో పడి గాబులోకి చేరే ఆ ఇళ్ళని ఫ్రాన్సులో అయితే గోధుమరంగు బోర్డు పెట్టి, పదకొండు యూరోల టిక్కెట్టుతో చూపించేవారు. కట్టుకున్నవాళ్ళని తప్పుపట్టను. కారే పెంకుల కింద నేనైతే ఉంటానా?

ఇక్కడ ఫ్రాన్సులో సెప్టెంబరు మూడో వారాంతంలో, 1984 నుంచి ఏటేటా, మామూలప్పుడు జనాన్ని రానివ్వని పాత భవనాలు కూడా తలుపులు తీస్తాయి. ఎక్కువచోట్ల టిక్కెట్టుండదు, సొంతదార్లే గుమ్మంలో నిలబడి తాతల కథలు చెబుతారు. కోనసీమలో ఇంకా మండువా ఇల్లున్న పెద్దలకి నాదొక విన్నపం. సంక్రాంతికి ఎలాగూ సున్నాలేసి తలుపులు తీస్తారు. కనుమనాడు ఒక్కరోజు, మీకు తెలియని పిల్లల్ని కూడా లోపలికి రానిచ్చి ఆ దూలం ఎవరు చెక్కారో, తుపానుకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్పండి. భోజనాల సంగతి మీకు నేను చెప్పనవసరం లేదు.