పులిహోర రంగు చిలుక

మీ ఇంట్లో పిల్లలు చిలుక కావాలని మారాం చేస్తున్నారా? అందులోనూ ఎవరింటా లేని రంగు చిలుక కావాలంటున్నారా? అయితే ఆ పొయ్యి కాస్త తగ్గించి, నా కథ వినండి.

మా మైలవరంలో చిలుకలకేం కరువు లేదు. మామిడి కాపు పట్టిందంటే చాలు, గుంపులుగా తోటల మీద వాలిపోతాయి. తిన్నది కొంత, కొరికి పారేసింది ఇంకొంత. అలాంటి ఊళ్ళో ఉండి డబ్బు పోసి చిలుకను కొన్నానంటే మీకు నవ్వు రావచ్చు. కానీ నేను కొన్నది పచ్చ చిలుక కాదండీ, పసుపు పచ్చని చిలుక!

విజయవాడ వెళ్ళినప్పుడు ఒకతను చూపించాడు. "లుటినో అమ్మగారూ, లక్షలో ఒకటి పుడుతుంది" అన్నాడు. మనవరాలు పంజరం దగ్గర్నుంచి కదల్లేదు. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. బేరమాడి 3,500కి తెచ్చాను. వారం రోజులు మా ఇల్లు తిరునాళ్ళే. ఎదురింటి వదిన మాత్రం "పుట్టు రంగేనంటావా?" అని సాగదీసింది. ఈర్ష్య అనుకున్నాను.

ఓ మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే పళ్ళెంలో నీళ్ళు పెట్టాం. పాపం, దిగి రెక్కలు తడుపుకుంది. ఆ నీళ్ళు చూద్దును గదా, పులిహోర కలిపిన చెయ్యి కడిగినట్టున్నాయి!

పశువుల డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన మెడ దగ్గర ఈకలు ఊది చూపించారు. కొత్తగా మొలుస్తున్న ఈకలన్నీ ఆకుపచ్చే. మన రామచిలుకకే మందు పెట్టి రంగు వెలవబెట్టి, పైన పసుపు రంగు పట్టించారట. ఈకలు ముక్కుతో దువ్వుకున్నప్పుడల్లా ఆ రంగు దాని కడుపులోకే పోతుందన్నారు. రెక్కలు విప్పితే పెద్ద ఈకలు కత్తిరించి ఉన్నాయి. "అమ్మమ్మా, ఇది మన మామిడిచెట్టు మీది చిలుకేనా?" అంది మనవరాలు. నా నోట మాట రాలేదు.

అసలు చిలుకకు ఆకుపచ్చ ఎలా వస్తుందో అప్పుడే తెలిసింది నాకు. ఈకలో ఉండేది పసుపు రంగు. ఈక అల్లిక మీద వెలుగు పడి నీలం కనిపిస్తుంది. ఆ రెండూ కలిసి మన కంటికి ఆకుపచ్చ. పుట్టుకతో పసుపు లోపిస్తే నీలం చిలుక. నలుపు లోపిస్తే పసుపు చిలుక, అదే లుటినో. నలుపు లేదు గనక దాని కళ్ళు ఎర్రగా ఉంటాయి. మగదైతే మెడ చుట్టూ గులాబీ పట్టీ వస్తుందిగానీ నల్లగీత రాదు. మా చిలుక కళ్ళు కాటుక పెట్టినంత నల్లగా ఉన్నాయి! వారం రోజులు ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూడా గమనించలేదు నేను.

ఇంకో సంగతి విన్నాక అసలు భయం పట్టుకుంది. రామచిలుకను పట్టినా, అమ్మినా, పెంచినా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరమే. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. రంగు పులిమినంత మాత్రాన జాతి మారదు కదా! మర్నాడే మా వారూ నేనూ పంజరంతో సహా అటవీశాఖ వాళ్ళకి అప్పగించాం. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా ఎగరలేదట. మనవరాలు రెండురోజులు అన్నం సరిగా తినలేదు. నేను మాత్రం తిన్నానా?

అంత ముచ్చటగా ఉంటే బడ్జీలు కొనుక్కోండి. మన దుకాణాల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు ఇవే. పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడి అడవుల్లో ఇవీ ఆకుపచ్చవే. ఇంట్లో పెంచగా పెంచగా నీలం, తెలుపు, పసుపు వచ్చాయి. వీటిలో నీలం ఇప్పుడు అరుదేం కాదు, "దొరకని రంగు" అని ధర పెంచితే నమ్మకండి. కాలికి అతుకులేని చిన్న కడియం ఉందేమో చూడండి. పిల్లగా ఉన్న మొదటి రోజుల్లోనే అది పాదంలోంచి ఎక్కుతుంది, పెద్దయ్యాక పట్టదు. అంటే పంజరంలో పుట్టిందనడానికి అదో గుర్తు. తల్లిదండ్రుల్ని చూపించమని కూడా అడగండి. నసిగితే వచ్చేయండి.

మొన్న ఎదురింటి వదిన వచ్చింది, కొడుకు నీలం చిలుక కావాలంటున్నాడని. నేనేమీ చెప్పలేదు. తెల్ల చేతిరుమాలు ఒకటి తడిపి, పిండి, చేతిలో పెట్టి పంపించాను.