నాయినమ్మ ఇంట్లో గబ్బిలం

బుధవారం రాత్రి పదిన్నర. ప్రొడక్షన్‌లో ఏదో పగిలింది, నలుగురం కాల్‌లో కూర్చుని లాగులు తవ్వుతున్నాం. అప్పుడు ఊరినించి ఫోను. నాయినమ్మ ఆ టైముకి ఎప్పుడూ చెయ్యదు. గుండె గుభేలుమంది. ఆఫీసు కాల్‌ మ్యూట్‌లో పెట్టి ఎత్తా.

"ఏం లేదు బిడ్డా, ఇంట్ల గబ్బిలం సొచ్చింది. గిరగిర తిరుగుతుంది. నువ్వు తిన్నవా?"

నెత్తిమీద గబ్బిలం తిరుగుతున్నా సరే, మనవడు తిన్నాడో లేదో ముందు తేలాలి. నేనేమో ఇంజనీరుని కదా, ప్రశ్నలు మొదలుపెట్టా. ఎటునించి వచ్చింది? కిటికీ తీసుందా? పైన పెంకల్లో సందేమన్నా ఉందా, ఓసారి పైకి చూడు.

అటునించి కాసేపు చప్పుడు లేదు.

"నేనెట్ల చూస్త బిడ్డా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా నాయినమ్మ మెడ పైకి లేవదు.

మాది మర్రిగూడ. హైదరాబాదు నించి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటి, మాల్ దగ్గర లోపలికి తిరగాలి. నల్లగొండ ఫ్లోరైడ్ గురించి పేపర్లలో చదివినవాళ్ళకి మా మండలం పేరు తెలిసే ఉంటుంది. తాగే నీళ్ళల్లో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు, మా వైపు బోర్లలో దానికి కొన్ని రెట్లుండేది. కృష్ణ నీళ్ళు ఊళ్ళలోకి వచ్చేసరికి నాయినమ్మ తరం ఎముకలు గట్టిపడిపోయాయి. ఆమె ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. ఈ సంగతి తెలిసీ "పైకి చూడు" అన్నాను చూడండి, అదీ నా తెలివి.

ఆ రాత్రి ఫోన్లోనే ఏదో ట్రబుల్‌షూటింగ్ చేసి, ముందుగదిలోకి వచ్చి తలుపేసుకుని పడుకోమన్నా. ముందుగది స్లాబు, వెనకది పాత పెంకుటిల్లు.

తెల్లారేసరికి కుటుంబం వాట్సాప్ గ్రూపు మండిపోతోంది. పిన్ని నిపా వైరస్ ఫార్వర్డు పెట్టింది. గబ్బిలం సొచ్చిన ఇల్లు పాడుబడుతుందంట, శాంతి చేయించాలన్నాడు చిన్నాయిన. మా నాయిన మాత్రం వనస్థలిపురం నించి ఒకటే మెసేజి: "ఇగ చాలు. అమ్మను ఇక్కడికి తెద్దాం, ఇల్లు అమ్ముదాం." ఆ మాట నాలుగేళ్ళనించీ నలుగుతున్నదే. గబ్బిలం దానికి దొరికిన కొత్త సాకు. అంతకుముందు ఓసారి నాయినమ్మని తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌కి తీసుకొస్తే ఇరవై రోజులుండి, ఇరవై ఒకటో రోజు సంచీ సర్దుకుని లిఫ్టు దగ్గర నిలబడింది.

శుక్రవారం సాయంత్రం బండేసుకుని పోయా. ఏడున్నరకి వెనకగదిలో లైటేస్తే ఉందండీ, దూలం చుట్టూ తిరుగుతోంది. తర్వాతి పది నిమిషాల్లో చెయ్యకూడనివన్నీ చేశా. ఫ్యాను తిరుగుతూనే ఉంది. లైట్లన్నీ వేసేశా. చీపురు ఊపా. చిన్నాయిన పరిగెత్తుకొచ్చి దోమల బ్యాటు తీశాడు. బ్యాటుతో బ్యాటుని కొడతాడట! అది మా ఇద్దరి మధ్యలోంచి దూసుకుపోతుంటే ఇద్దరం కింద కూర్చుండిపోయాం. నాయినమ్మ గడపలో నిలబడి, "దానికంటె మీరే ఎక్కువ ఎగురుతున్నరు" అంది.

అప్పుడు కాస్త బుద్ధి తెచ్చుకుని, చదివినవి అమల్లో పెట్టా. మీకెప్పుడైనా పనికొస్తాయని రాస్తున్నా.

ముందు ఫ్యాను ఆపాలి. లోపల లైట్లు ఆర్పి, బయటికి తెరుచుకునే కిటికీ, తలుపు మాత్రమే తెరవాలి. లోపలి గదుల తలుపులు మూసెయ్యాలి. గోడవార నిలబడాలి. గదిలో తిరిగే గబ్బిలం గోడల దగ్గర పైకి లేస్తుంది, గది మధ్యలో కిందికి దిగుతుంది. మనం మధ్యలో నిలబడి మీదికొస్తోందని కేకలేస్తాం. అది మన జుట్టు కోసం రాదు. దానికి కళ్ళు కనిపిస్తాయి, చెవులు ఇంకా బాగా పనిచేస్తాయి. తను చేసిన చప్పుడు దేనికైనా తగిలి తిరిగొస్తే దాన్నిబట్టి దారి చూసుకుంటుంది. చాలాసార్లు పది పదిహేను నిమిషాల్లో దానంతటదే వెళ్ళిపోతుంది.

మాది వెళ్ళలేదు. అలిసిపోయి గోడకి అతుక్కుంది. అప్పుడు మందపాటి తోలు చేతిగ్లౌజులు తొడుక్కుని, ఖాళీ మిఠాయి డబ్బా దానిమీద బోర్లించి, గోడకీ డబ్బాకీ మధ్య ఓ అట్ట మెల్లగా జరిపా. ఆ అట్ట మా పెద్దక్క శుభలేఖ. ఉత్త చేతులతో మాత్రం ముట్టుకోవద్దు. కరిచినా గీరినా సబ్బుతో నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. నాయినమ్మ నిద్రపోయే గదిలోనే తిరిగింది కాబట్టి, గాటేమీ కనబడకపోయినా మర్నాడు డాక్టరుని అడిగే వచ్చాం.

డబ్బాలో చూస్తే బొటనవేలంత ఒళ్ళు, రూపాయి బిళ్ళలు రెండుంటే అంత బరువు. దీన్ని చూసా మేమంతా ఇల్లు అమ్ముకోవాలనుకున్నది? నేలమీద వదిలితే చాలా గబ్బిలాలు సరిగా ఎగరలేవు, ఎత్తునించి జారితేనే రెక్కలందుకుంటాయి. వాకిట్లో వేపచెట్టు బోదెకి డబ్బా ఆనించి పెడితే కాసేపు పాకి, ఉన్నట్టుండి మాయమైంది.

ఇక్కడితో టికెట్ క్లోజ్ చేసెయ్యొచ్చు. మన ఫీల్డులో చేసేదదే కదా, సర్వీసు రీస్టార్ట్ చేసి "రిజాల్వ్‌డ్" అని పెట్టేస్తాం. కానీ ఒకటొచ్చిందంటే దారుందన్నమాట. శనివారం సాయంత్రం పొద్దుగూకేవేళ వాకిట్లో కుర్చీ వేసుకుని కప్పువైపు చూస్తూ కూర్చున్నా. నాయినమ్మ పక్కనే మంచం మీద వెల్లకిలా పడుకుంది. ఆరున్నర దాటాక మొదటిది జారింది. తర్వాత ఒకటొకటిగా. "పదకొండు" అంది నాయినమ్మ. నాకు తొమ్మిదే కనబడ్డాయి.

వచ్చే చోటు కూడా తెలిసింది. కోతులు పీకేసిన రెండు పెంకల సందు. చూడగానే గుర్తుపట్టా. రెండేళ్ళ కింద వానాకాలంలో కురుస్తోందని నాయినమ్మ చెబితే, ఫోన్లోనే డబ్బులు పంపి "చేయించుకో" అన్నది ఆ సందుకే. నా లెక్కలో అది ఆరోజే అయిపోయింది.

"మరి అప్పుడు ఎందుకు కప్పించలే?"

"ఒక్క పెంక కోసం ఎవడొస్తడు బిడ్డా? మొత్తం కప్పిస్తెనే వస్తమన్నరు. నీ పైసలు పెట్టెలనే ఉన్నయి, తీస్కపో."

ఏం మాట్లాడాలో తెలీలేదు.

చిన్నాయిన మిరపకాయల పొగ పెడదామన్నాడు. సరిగ్గా ఇక్కడే నాకు అభ్యంతరం. తల్లులు పారిపోతాయి, ఎగరలేని పిల్లలు లోపలే చచ్చి కుళ్ళుతాయి. అసలు గబ్బిలమంటే మనకెందుకింత కక్ష? రక్తం తాగే జాతులు మూడే, అవీ అమెరికా ఖండాల్లోనే, మెక్సికో నించి కిందికి. మనదేశంలో ఉన్న 130 దాకా జాతుల్లో ఒక్కటీ లేదు. చిన్నవి పురుగులు తింటాయి. పెద్దవి మర్రి, రావి పళ్ళు తిని గింజలు ఊరంతా చల్లుతాయి. ఊరి పేరులోనే మర్రి పెట్టుకున్నవాళ్ళం మనమన్నా ఆలోచించాలి కదా! 1972 వన్యప్రాణి చట్టం పళ్ళు తినే గబ్బిలాల్ని కాకులు, ఎలుకల సరసన హానికర జంతువుల జాబితాలో పెట్టింది. 2022 సవరణలో ఆ జాబితానే తీసేశారు. యాభై ఏళ్ళు పెండింగులో ఉన్న టికెట్ అన్నమాట.

నిపా అబద్ధమని కాదు. 2018లో కోజికోడ్‌లో అది మనుషుల్ని చంపింది. కానీ అక్కడ కూడా మొదట అనుమానించింది ఒక ఇంటి బావిలో ఉన్న గబ్బిలాల్ని. అవి పురుగులు తినేవి, పరీక్షలో వైరస్ దొరకలేదు. తర్వాత పళ్ళు తినే పెద్ద గబ్బిలాల్లో దొరికింది. అందుకే గబ్బిలం కొరికిన పండు తినొద్దు, దాన్ని చేత్తో పట్టొద్దు, దాని పెంట ఊడ్చేటప్పుడు ముందు తడిపి, మాస్కు పెట్టుకోవాలి. జాగ్రత్త అంటే అదీ. కనబడిన ప్రతిదాన్నీ బ్యాటుతో కొట్టడం జాగ్రత్త కాదు.

గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం రాశారు. గుళ్ళోకి రానివ్వని మనిషి, గుళ్ళోకి పోగలిగే గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి తన గోడు పంపుకుంటాడు. అంత పెద్ద బాధతో మా ఇంటి సంగతి పోల్చను. కానీ గబ్బిలం మోసుకొచ్చే కబురు ఒకటుందని మాత్రం ఆ సాయంత్రం నాకు అర్థమైంది. రెండేళ్ళుగా నాయినమ్మ చెప్పినా నాకు చేరని కబురు, అది గదిలో నాలుగు రౌండ్లు కొడితే చేరింది.

సరే, చేసిందేమిటంటే. అవి బయటికి పోయాక నిచ్చెనేసి టార్చితో చూశా, పిల్లల్లేవు. సందు మీద పాత దోమతెర ముక్కని పైనా, రెండు పక్కలా బిగించి కింద వదులుగా వదిలా. లోపలున్నది పాకుతూ కిందినించి బయటపడుతుంది, తిరిగొచ్చేది నేరుగా సందు దగ్గరికొచ్చి తెరకి ఆగిపోతుంది. వారం అలాగే ఉంచాం. మళ్ళీ శనివారం పోయి, నేనూ చిన్నాయినా కలిసి పెంకలు సర్దాం. పెట్టెలో డబ్బులకి ఓ మేస్త్రీ కూడా దొరికాడు, మొత్తం కప్పిస్తానంటేనే.

మా నాయిన మాట మారలేదు. ఆయన చెప్పేదాంట్లో న్యాయం ఉంది. మెడ తిరగని మనిషి, రాత్రిపూట ఒక్కతే. రేపు గబ్బిలం కాక పామొస్తే? నా దగ్గర జవాబు లేదు. నాయినమ్మ దగ్గరుంది, "నేను పోయినంక అమ్ముకోండ్రి" అని. అది వినడానికి బావుండదు.

మొన్న ఫోన్లో ఇంకో వార్త చెప్పింది. గబ్బిలాలు ఎక్కడికీ పోలేదట, ఖాళీగా ఉన్న పశువుల కొట్టంలో చేరాయట. వెళ్ళగొట్టమంటావా అని అడిగా.

"ఎందుకు బిడ్డా, ఉండనీ. పొద్దుమీకి లెక్కబెట్టుకుంట. నిన్న పద్నాలుగు."

ఈ రెండు నెలల్లో నాలుగుసార్లు ఊరికి పోయొచ్చా. అంతకుముందు రెండేళ్ళలో పోయింది మూడుసార్లు. ఈ లెక్క మాత్రం నాయినమ్మకి చెప్పలేదు, ఆమెకి తెలియకనా!