పోగొట్టుకోని పట్నం

దక్షిణ అమెరికా ఖండానికి ఉత్తరపు కొసన, కరిబియన్ సముద్రం ఒడ్డున, కొలంబియా దేశంలో శాంటా మార్టా అని ఒక రేవు పట్నం ఉన్నది. 1525లో స్పెయిను వాళ్ళు స్థాపించిన ఊరు. దాని వెనుకనే సియెర్రా నెవాడా కొండలు మొదలవుతాయి. సముద్రానికి 42 కిలోమీటర్ల దూరంలోనే సుమారు 5,700 మీటర్ల మంచు శిఖరాలు! విశాఖపట్నంలో సముద్ర స్నానం చేసి తల తుడుచుకుంటూ పడమటికి తిరిగితే హిమాలయాలు ఉన్నాయనుకోండి, అలాగన్నమాట.

ఆ కొండల నడుమ, బురిటాకా నదికి ఎగువన, అడవిలో ఒక పాత పట్నపు శిథిలాలు ఉన్నాయి. స్పానిష్ భాషలో దానిపేరు 'సియుదాద్ పెర్దీదా', అంటే పోయిన ఊరు. బండి వెళ్ళే దారి లేదు. రానూపోనూ నాలుగు రోజుల నడక, దాదాపు 46 కిలోమీటర్లు. ఒంటరిగా వెళ్ళనివ్వరు. అనుమతి ఉన్న సంస్థవారి జట్టుతో, దారి చూపేవాడి వెంట నడవవలసిందే.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈ ప్రయాణం కుదిర్చింది. "అరవై దాటిన వాళ్ళకు అడవులేమిటే?" అన్నది మా ఆవిడ. "పాండవులు వెళ్ళలేదా?" అన్నాను. "వాళ్ళు జూదంలో ఓడిపోయి వెళ్ళారు" అని, అయినా సంచిలో గోంగూర పచ్చడి సీసా సర్దింది.

మా జట్టులో ఎనిమిది మందిమి. మేము ముగ్గురం, ఇద్దరు జర్మన్ విద్యార్థులు, హాలెండు దేశపు దంపతులు, కొలంబియా రాజధాని బొగోటా నుంచి వచ్చిన ఒక పంతులమ్మ. వీరుగాక దారి చూపే ఆసామీ, స్పానిష్ మాటలు ఇంగ్లీషులో చెప్పే దుబాసీ కుర్రవాడు, వంటవాడు. దారి చూపే ఆయనకు యాభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి. కాళ్ళకు రబ్బరు బూట్లు. ఎవరు ఎంత వెనుకబడినా విసుక్కోడు. "కొండ ఎక్కడికీ పోదు" అంటాడు.

శాంటా మార్టా నుంచి జీపులో రెండున్నర గంటలు వెళితే మచేతె పెలావో అనే పల్లె. ఆ పేరుకు దూసిన కత్తి అని అర్థమట. అక్కడ భోజనం చేసి నడక మొదలుపెట్టాము. మొదటి రోజు అడవి తక్కువ, ఎండ ఎక్కువ. ఎర్రమట్టి దారి. సామాను మోసే కంచరగాడిదలు గంటలు మోగించుకుంటూ వస్తే పక్కకు తప్పుకోవాలి. మధ్యాహ్నం వాన పట్టుకున్నది. ఎర్రమట్టి కాస్తా జారుడుబండ అయింది. హాలెండు దొరగారు రెండుసార్లు కూర్చున్నారు, మూడోసారి ఆయన భార్య కూడా కూర్చున్నది. అంతా నవ్వుకున్నాము. ఆ నవ్వుతో కొత్తదనం పోయి, ఒక ఇంటివాళ్ళమయ్యాము.

చీకటి పడేసరికి మొదటి మజిలీ చేరాము. రేకుల కప్పు, దోమతెరలు కట్టిన మంచాలు, పక్కన ఏరు. వెళ్ళగానే వేడివేడిగా ఒక పానీయం ఇచ్చారు. మా ఆవిడ ఒక గుక్క తాగి, "ఏమండీ, ఇది మన బెల్లప్పానకమే!" అన్నది. నిజమే. చెరకు రసం కాచి దిమ్మలుగా పోసిన బెల్లాన్ని అక్కడ పనేలా అంటారు. దాన్ని నీళ్ళలో మరగబెట్టి తాగడం ఆ దేశమంతటా వాడుక. అన్నం, చిక్కుడు గింజల కూర, పచ్చి అరటికాయ అదిమి నూనెలో వేయించిన చెక్కలు భోజనం. గోంగూర పచ్చడి జర్మన్ కుర్రవాళ్ళ కళ్ళ నీళ్ళు తెప్పించింది. అయినా మళ్ళీ అడిగారు.

భోజనాలయ్యాక దారి చూపే ఆయన కథ చెప్పాడు. దుబాసీ చెబుతుంటే, మా అమ్మాయి మాకు తెలుగు చేసింది.

ఈ కొండల్లో పూర్వం తైరోనా అనే జాతివారు ఉండేవారు. బంగారం, రాగి కలిపి అద్భుతమైన నగలు, బొమ్మలు పోతపోసేవారు. ఆ బంగారమే వారి మీదకు స్పెయిను వాళ్ళను తెచ్చింది. డెబ్బై అయిదేళ్ళు పోరాడారు. 1599లో జరిగిన చివరి పెద్ద తిరుగుబాటును స్పెయిను వాళ్ళు క్రూరంగా అణచివేశారు. మిగిలినవారు పల్లపు ఊళ్ళు విడిచి పైకొండలకు వెళ్ళిపోయారు. అడవి ఆ ఊళ్ళ మీద దుప్పటి కప్పింది. 1972లో, సమాధులు తవ్వి బంగారం అమ్ముకునే వాళ్ళు కొందరు వేటకు వచ్చి, పాచిపట్టిన మెట్ల వరుస చూశారు. వాటి వెంట ఎక్కితే ఈ ఊరు! వాళ్ళు దానికి 'పచ్చని నరకం' అని పేరు పెట్టుకున్నారు. తవ్వుకున్నారు. తగాదాలు పడ్డారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బంగారు బొమ్మలు బజారుకు వస్తుంటే పురాతత్వ శాఖవారికి సంగతి తెలిసి, 1976లో అక్కడికి చేరుకున్నారు. తవ్వకాలు, మరమ్మతులు 1982 దాకా జరిగాయి.

"మా నాన్న ఆ తవ్వేవాళ్ళలో ఒకడు" అన్నాడాయన.

ఎవరమూ మాట్లాడలేదు. ఆయనే మళ్ళీ చెప్పాడు. "నాన్న గునపంతో సమాధులు తవ్వాడు. తరవాత గంజాయి రోజులు వచ్చాయి, గంజాయి వేశాడు. ఆ తరవాత కోకా తోటలు. మత్తుమందు చేసేవాళ్ళు కొనేవారు. విమానాల్లోంచి మందు చల్లి ప్రభుత్వం వాటిని చంపింది. తోటలతోపాటు మా కూరగాయలూ చచ్చాయి. నాకు వచ్చిన విద్య ఒక్కటే, ఈ దారి. అందుకని మనుషుల్ని తీసుకువెళ్ళడం మొదలుపెట్టాను."

రెండో రోజు అసలైన అడవి. చెట్ల మీద చెట్లు, వాటి మీద తీగెలు, తీగెల మీద నాచు. నది ఎడమ చేతికి వస్తుంది, కుడి చేతికి వస్తుంది. దారిలో ముతాన్యీ అనే ఊరు కనిపించింది. గుండ్రని మట్టి ఇళ్ళు, కొనదేరిన గడ్డి కప్పులు. అది కోగీ జాతివారి ఊరు. కోగీ, వీవా, అరువాకో, కాంకువామో అని నాలుగు జాతులు ఈ కొండల్లో ఉన్నాయి. తాము ఆనాటి వారి సంతతి అని వారు చెబుతారు. స్త్రీ పురుషులంతా తెల్లని నూలుబట్టలే. గుడ్డ నేయడం మగవారి పని, భుజాన వేసుకునే సంచి అల్లడం ఆడవారి పని. అడగకుండా ఫోటో తీయరాదని ముందే చెప్పారు గనుక మా అమ్మాయి ఫోను లోపల పెట్టేసింది.

ఆ సాయంకాలం మజిలీలో వీవా జాతి పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో చిన్న సొరబుర్ర, ఒక పుల్ల. దాన్ని పోపోరో అంటారు. పెళ్ళీడు వచ్చిన మగవాడికి అది ఇస్తారు. వేయించిన కోకా ఆకులు బుగ్గన పెట్టుకుని, పుల్లను బుర్రలో ముంచి, అంటిన పొడిని నోట పెట్టుకుంటారు. మిగిలింది బుర్ర మూతికి రాస్తారు. ఏళ్ళ తరబడి రాసి రాసి అక్కడ పచ్చని పట్టెడ కడుతుంది. వాళ్ళ దృష్టిలో అది మనిషి ఆలోచనలు రాసుకున్న పుస్తకం.

"ఆ పొడి ఏమిటో అడగవే" అన్నది మా ఆవిడ. సముద్రపు గుల్లలు కాల్చి చేసిన సున్నమట! "అయితే తాంబూలమే" అన్నదావిడ తృప్తిగా. గుల్లసున్నం, ఆకు, ఒక్క వక్కే తక్కువ. మా ఊళ్ళోనూ ఆకుల్లో సున్నం వేసుకుంటారని దుబాసీ చెబితే పెద్దాయన మొదటిసారి నవ్వాడు. వాళ్ళ పూజారిని మామో అంటారని వినేసరికి మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఎందుకో వివరించడానికి మా అమ్మాయికి అయిదు నిమిషాలు పట్టింది.

మూడో రోజు తెల్లవారకముందే లేచి, నడుము లోతు నీళ్ళలో తాడు పట్టుకుని నది దాటాము. అవతలి ఒడ్డున మెట్లు. పన్నెండువందలు. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కిన మోకాళ్ళు గదా, ఇదెంత అనుకున్నాను. కాని ఇవి జానెడు వెడల్పు రాళ్ళు, నిలువుగా ఉన్నాయి, తడినాచు. పక్కకు తిరిగి ఒక్కొక్క పాదమే వేయాలి. పైకి వెళ్ళగానే మొదటి అరుగు మీద మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి తలా ఒక కోకా ఆకు ఇచ్చారు. మనసులోని చెడ్డ తలపులు దానికి అప్పగించి అక్కడ వదిలి రమ్మన్నారు. దారి చూపే ఆయన అందరికన్న ఎక్కువసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

రాజభవనాలు, శిల్పాలు ఉంటాయని వెళ్ళేవాళ్ళకు అక్కడ ఏమీ లేదు. ఉన్నవి రాతి అరుగులు. గుండ్రనివి, కోడిగుడ్డు ఆకారంవి, ఒకదాని పైన ఒకటి కొండ వెన్ను పొడుగునా నూట అరవైకి పైగా ఉన్నాయి. వాటి మీద ఒకప్పుడు కర్ర ఇళ్ళుండేవి. కర్ర, గడ్డి మట్టిలో కలిశాయి, పునాదులు నిలిచాయి. ఈ ఊరు కట్టడం క్రీస్తుశకం 800 ప్రాంతంలో మొదలైందని అంటారు. మన వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజులు. పెరూ దేశంలోని ప్రఖ్యాత మచ్చు పిచ్చు కంటే ఆరువందల ఏళ్ళు ముందు.

నాకు ఆశ్చర్యం కలిగించింది నీటి పని. రోజూ వాన కురిసే నిలువు కొండ అది. గోడలు కట్టి, కాలువలు తీసి, నీరు ఎక్కడా నిలవకుండా, మట్టి కొట్టుకుపోకుండా మెట్ల మీదుగా కిందికి దించారు. వెయ్యేళ్ళ తరవాత కూడా, వాన వెలిసిన గంటకే అరుగులు పొడిగా ఉన్నాయి. గీతలు చెక్కిన ఒక పెద్ద బండ ఉన్నది, నదులూ దారులూ చూపే పటం అంటారు.

అక్కడ తుపాకులు పట్టుకున్న సైనికులు కూడా కనిపిస్తారు. 2003 సెప్టెంబరులో తిరుగుబాటుదారులు ఇక్కడ ఎనిమిదిమంది విదేశీ యాత్రికులను ఎత్తుకుపోయారు. ఒకడు తప్పించుకున్నాడు. చివరివారిని డిసెంబరులో విడిచారు. కొన్నాళ్ళు యాత్ర ఆగిపోయి, 2005లో మళ్ళీ సాగింది.

పై అరుగు మీద కూర్చున్నప్పుడు, రాత్రి కలిసిన వీవా పెద్దాయన కూడా వచ్చి చేరాడు. "మీరు దీన్ని పోయిన ఊరు అంటారు. దీని పేరు తెయూనా. మేము దీన్ని ఎప్పుడూ పోగొట్టుకోలేదు. మీకు చెప్పలేదు, అంతే" అన్నాడు. సమాధుల్లో బంగారం పెట్టింది చచ్చినవాళ్ళ షోకు కోసం కాదనీ, ఒక్కొక్క బొమ్మకూ కొండను కాపాడే పని ఒకటి ఉన్నదనీ చెప్పాడు. పనిలో ఉన్నవాణ్ణి ఎత్తుకుపోయి అద్దాల బీరువాలో కూర్చోబెడితే, ఆ పని ఎవరు చేస్తారని అడిగాడు.

జర్మన్ కుర్రవాడు తల వంచుకున్నాడు. 1915లో వాళ్ళ దేశపు పండితుడొకాయన కోగీలవద్ద రెండు కొయ్య ముఖాలు సంపాదించి బెర్లిన్ తీసుకువెళ్ళాడు. పూజలో పెట్టుకునే సూర్యుడి ముఖాలవి. నూరేళ్ళు దాటాక, 2023 జూన్‌లో జర్మనీ వాటిని కొలంబియాకు తిరిగి ఇచ్చింది. ఆ సంగతి ఆ కుర్రవాడే మాకు చెప్పాడు. "ఇవ్వడానికి నూరేళ్ళు పట్టింది" అన్నాడు.

అప్పుడు దారి చూపే ఆయన, ఎవరూ అడగకుండానే, "మా నాన్న తీసుకుపోయినవి ఎక్కడున్నాయో నాకు తెలియదు. తెలిస్తే తెచ్చి పెట్టేవాణ్ణి" అన్నాడు. దుబాసీ ఆ మాటను పెద్దాయనకు చెప్పవలసిన పని లేదు, ఆయనకు స్పానిష్ వచ్చు. పెద్దాయన కొంచెం సేపు సొరబుర్ర మూతికి పుల్ల రాస్తూ కూర్చున్నాడు. తరవాత జరిగి, అరుగు మీద ఆయనకు చోటిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కింద లోయలోకి చూశారు. మేము చప్పుడు చేయకుండా వేరే అరుగుకు వెళ్ళాము.

దిగుతూ మా ఆవిడ, "మనం రావడం వాళ్ళకు ఇష్టమేనంటారా?" అని అడిగింది. అదే మాట దారి చూపే ఆయన్ని అడిగాను. కొందరికి ఇష్టం, కొందరికి కాదు అన్నాడు. యాత్రికుల డబ్బుతో కుటుంబాలు గంజాయి, కోకా మానాయి. నదిలో చెత్త కూడా పెరిగింది. అందుకని ఏటా సెప్టెంబరులో ఊరు మూసేస్తారు. ఆ నెలలో మామోలు పైకి వచ్చి, మనం తొక్కిన చోటును శుద్ధి చేసుకుంటారు. జీతం లేని నెల గదా, బాధ లేదా అన్నాను. "పదకొండు నెలలు నన్ను పోషిస్తున్నది, ఒక నెల పడుకోనివ్వద్దా?" అన్నాడు.

వాళ్ళు తమను అన్నలనీ, మనలాంటి వాళ్ళను తమ్ముళ్ళనీ అంటారు. తమ్ముడు తెలివైనవాడు గాని అల్లరివాడు, ఇల్లు పాడుచేస్తాడు, అన్న సర్దుతాడు. ఆ లోకజ్ఞానాన్ని 2022లో యునెస్కో వారు మానవజాతి వారసత్వంగా గుర్తించారు.

ఎవరైనా వెళ్ళదలచుకుంటే గట్టి బూట్లు, గొంగళి పురుగంత ఓపిక, ఒక పచ్చడి సీసా తీసుకువెళ్ళండి. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు తక్కువ. సెప్టెంబరులో మాత్రం వెళ్ళకండి. ఆ నెల ఆ ఊరు అన్నలది.