ఐదుకు ఐదు

సెంటినరీ కాలనీ,
రామగిరి మండలం,
ఆదివారం

దోస్తూ,

ఫోన్ల మాట్లాడుకుందామంటె నువ్వు బాయిల దిగినప్పుడు నేను ఇంట్ల, నేను డంపర్ మీద ఉన్నప్పుడు నువ్వు నిద్రల. భూపాలపల్లికి నీ ట్రాన్స్‌ఫర్ అయినకాంచి నిమ్మలంగ ముచ్చట పెట్టుకున్నదే లేదు. అందుకే కాయితం పట్టుకున్న. కాళిదాసు మేఘసందేశం మన రామగిరి గుట్ట మీదనే రాసిండని ఇక్కడోళ్లంటరు, కాదు, ఆ రామగిరి నాగపూర్ పక్కన రాంటెక్ అని చదువుకున్నోళ్లంటరు. ఏదైతేంది, యక్షునికి మబ్బు దొరికింది, నాకు పోస్టాఫీసు దొరికింది.

మా కుక్క పింకికి షుగరు వచ్చింది. నవ్వకు. నవ్వేటోళ్లు ఇప్పటికే కాలనీ నిండ ఉన్నరు. "మెడికల్ కార్డుల దాని పేరు సుత ఎక్కియ్యరాదే" అని మొన్న క్యాంటిన్ల ఒకడు.

ఎండకాలంల మొదలైంది. బకెట్ల కొద్ది నీళ్లు తాగేది. రామగుండం ఎండ నీకు తెల్వంది కాదు, 45 దాటితె మనిషే కుండ ఖాళీ చేస్తడు, కుక్క తాగదా అన్నరు చూసినోళ్లంత. గని రెండింతలు తినుకుంట బక్కగైతుంటె అది ఎండ పని ఎట్లయితది? రాత్రంత తలుపు గీకుడు, బయటికి తీస్కపొమ్మనుడు. మన దిక్కు పశువుల దవాఖాన అంటె ఎక్కువ బర్లకు, గొర్లకు. 1962కు ఫోన్ చేస్తె వచ్చే బండి సుత వాటి కోసమే తిరుగుతది. ఆఖరికి కారు మాట్లాడుకోని కరీంనగర్ తోలుకపోయిన.

డాక్టరు చెవి అంచు మీద పొడిచి, చుక్క నెత్తురు మిషన్‌కు పెట్టి, అక్కడనే చెప్పిండు. మనుషులకు పెద్దయినంక వచ్చే షుగరు వేరేనట. కుక్కలకు వచ్చేదాంట్ల ఎక్కువ భాగం లోపట ఇన్సులిన్ ఊరుడే బందైతది, గోలీలతోని కుదరది. బతికినన్ని రోజులు సూదే. అదిగాక ఆడకుక్క ఎదకు వచ్చిపోయినప్పుడల్ల ఒంట్ల ఊరే హార్మోన్ ఇన్సులిన్‌ను పనిచెయ్యనియ్యదట, గర్భసంచి ఆపరేషన్ చేయించక తప్పదన్నడు. చేయించిన. అది మంచిగనే తట్టుకున్నది. దవాఖాన మెట్ల మీద నాకే కాళ్లు వణికినయ్.

సూది పొడుసుడు నేర్చుకునుడు ఏం పెద్ద పని కాదురా. వీపు మీది వదులు తోలు రెండు వేళ్లతోని లేపాలె, గుడారం తీర్గ లేస్తది, దాని అడుగున సన్న సూది గుచ్చాలె. ఇయ్యాల ఒక తావుల ఇస్తె రేపు ఇంకో తావుల. సీసను ఊపొద్దు, అరచేతుల నడుమ మెల్లగ దొర్లియ్యాలె. ముందుగాల కడుపు నిండ తినాలె, తిన్నంకనే సూది. పింకి అయితె మెతుకులు నాకుకుంట నిలబడతది, పొడిసిన సంగతే దానికి పట్టదు.

నన్ను తిన్నది గడియారం. సూదికీ సూదికీ నడుమ 12 గంటలు ఉండాలె, రోజూ అదే టైముకు పడాలె. ఇగ మన షిఫ్టులు చూడు. పొద్దుగాల 7, పగటీలి 3, రాత్రి 11. ఓపెన్‌కాస్ట్ గని దాక పొయ్యేదొక గంట, వచ్చేదొక గంట లెక్కవెట్టుకో. ఫస్టు షిఫ్టుల 6 నుంచి 4 దాక నేను ఇంట్ల ఉండ. అంటె రెండు పూటల నా చేతితోనే పడాలంటె 4కు 6కు నడుమనే కుదురుతది. సెకండు షిఫ్టుల పగటీలి 2కు పోతె అర్ధరాత్రి వస్త, అప్పుడు 12కు 2కు నడుమనే కుదురుతది. నైటు షిఫ్టుల 8కి 10కి నడుమ. మూడు షిఫ్టులకు కలిసే గంట ఒక్కటి సుత లేదు. క్యాలెండర్ ఎనక గీతలు గీసి ఎన్నిసార్లు చూసిన, రాదు. వారంవారం టైము మార్చుకుంట పోతనంటె డాక్టరు ఒప్పుకోలె. మీ చెల్లె ఉండి ఉంటె ఇది లెక్కనే కాకపోవు. దాని తిండి, తానం, అన్నీ ఆమెనే చూసుకునేది. ఆమె పోయేదాక అది ఎన్ని బుక్కలు తింటదో సుత నాకు తెల్వది.

మొదట్ల నాగాలు వెట్టిన. కొన్ని రోజులు ఒకాయనతోని షిఫ్టు మార్చుకున్న. గట్ల ఎన్నొద్దులు నడుస్తది చెప్పు. మేడారం జాతరకు సుత పోలే ఈసారి. మన లైన్లోళ్లంత బండి కట్టుకోని పోతాంటె గేటు కాడ నిలవడి మా బెల్లం బంగారం మీరే అప్పజెప్పుండ్రి అన్న.

సాయం వస్తె గుట్ట మందు చెప్పేటోళ్లే వచ్చిండ్రు. రామగిరి ఖిల్లా మీద మందుచెట్లకు కొదవ లేదు కదా, పొడపత్రి ఆకు నమిలియ్యి, షుగరు దిగుతది అని ఒక పెద్దమనిషి. కుక్కతోని ఆకు నమిలిచ్చుడు ఆయన ఎప్పుడన్న చూసిండో లేదో. అయినా ఊట బందయిన బాయిల ఏ ఆకు ఏస్తె నీళ్లు వస్తయ్?

వెనుక క్వార్టర్ల వదిన నీకు యాదికి ఉన్నదా? వాళ్లాయనకు ఎన్నేండ్ల నుంచో షుగరు. ఒకనాడు నేను మెడికల్ షాపుల తెచ్చిన సిరంజీలు గోడ మీద పెట్టి బండి తుడుసుకుంటాంటె చూసింది. "ఇవ్వి నారింజ టోపీయి, 100వి. నీ సీస 40ది. ఎర్ర టోపీయి తేవాలె. గీటితోని ఇస్తె దానికి సగం మందు సుత పడది" అన్నది. షాపుల ఇచ్చినోనికి తెల్వలె, ఆమె దూరంకెల్లి టోపీ రంగు చూసి చెప్పింది. అప్పుడు తట్టింది నాకు. కుక్కకు షుగరా అని నవ్విన ఈ లైన్లనే ఎన్ని ఇండ్లల్ల ఫ్రిజ్ తలుపు సందుల గసొంటి సీసలు లెవ్వు? నేను సూదులు తెలిసిన మనిషి కోసం కరీంనగర్ దాక పోయిన, మనిషి గోడ అవతలనే ఉన్నది.

అడగడానికి నాకు శాన కష్టమైంది. ఆమెనే అన్నది, "నల్లా కోసం పొద్దుగాల ఐదింటికి లేవనే లేస్త, పొద్దుమీకి ఐదుకు ఇంట్లనే ఉంట." గట్ల ఐదుకు ఐదు అయింది మా టైము. ఫస్టు షిఫ్టుల రెండు నావే. సెకండుల పొద్దుమీకిది ఆమెది, నైటుల పొద్దుగాలది ఆమెది. "మా ఆయనకు పొడిస్తె నన్ను తిడతడు, ఇది నయం, తోకన్న ఊపుతది" అంటది.

ఇద్దరమైనంక ఇంకో భయం పట్టుకున్నది. ఒక పూట సూది తప్పితె ఆ పూట షుగరు పెరుగుతది, గంతే. ఒకలిచ్చింది తెల్వక ఇంకొకలు ఇస్తె పానం మీదికే వస్తది. అందుకే ఫ్రిజ్‌కు మస్టర్ అంటించిన. తారీఖు, పూట, తిన్నదా లేదా, ఎన్ని యూనిట్లు, ఎవలిచ్చిండ్రు. సంతకం లేకుంటె సూది ఇచ్చినట్టు కాదు, సంతకం ఉంటె ఇంకోసారి ముట్టొద్దు. ముప్పై ఏండ్లు కంపెనీ మస్టర్‌ను తిట్టినోన్ని, ఇంట్ల నేనే పెట్టుకున్న.

అయినా ఒకనాడు నైటు దిగి వచ్చేసరికి కాళ్లు తడబడుకుంట గోడకు ఒరుగుతాంది. తిన్నది, సూది పడ్డది, అటెనుక కక్కుకున్నది. మిషన్ పెడితె 48. 60 కిందికి దిగితె ఆగొద్దని డాక్టరు ముందే చెప్పిండు. గ్లూకోజ్ పొడి తడిపి చిగుర్లకు రాసుకుంట కూసున్న. తేరుకునేదాక నాకు డ్యూటీ బట్టలు ఇప్పాలన్న సోయి సుత లేదు.

కండ్లు పోయినయిరా. షుగరు కుక్కలల్ల శాన వాటికి ఏడాది తిరిగేలోపట పొర కమ్ముతదట. గోడలు, గిన్నె, గడప అన్నీ వాసనతోనే పట్టుకుంటది. నేను మంచం జరిపితె మాత్రం గుద్దుకుంటది, అందుకే ఏదీ జరుపుత లేను. బ్లాస్టింగ్ కొట్టి ఇల్లు అదిరినప్పుడు ఎటు ఉరుకాల్నో తెల్వక ఉన్నకాడనే గిరగిర తిరుగుతది. అది చూడలేను.

నీకు కాబట్టి రాస్తున్న. కొన్ని రాత్రులు ఇది ఊకె పండుకోని లేవకపోతె బాగుండు అనిపిస్తది. నిద్ర చాలక అనిపిస్తదో, నిజంగనే అనిపిస్తదో తెల్వది. ఇంజక్షన్ ఇప్పియ్యి, అది బాధపడది, నువ్వు బాధపడవు అని నువ్వే మొన్న ఫోన్ల అంటివి. నీమీద కోపం లేదు. నీకంటె ముందు డాక్టర్‌నే అడిగిన. ఆకలైతాంది, నీ బండి చప్పుడుకు లేస్తాంది, నొప్పి లేదు, అప్పుడే ఎందుకు అన్నడు. ఆ రోజు వస్తె ఆయనే చెప్తడట. ఆ మాట మీద ఉన్న.

ఒకటి చెప్త విను. ఇల్లందు కాడ మనోళ్లు బొగ్గు తవ్వుడు మొదలువెట్టింది 1889ల. అదే ఏడు జర్మనోళ్ల ఏలుబడిల ఉన్న స్ట్రాస్‌బర్గ్‌ల మెరింగ్, మిన్కోవ్‌స్కీ అని ఇద్దరు డాక్టర్లు ఒక కుక్క క్లోమం తీసేస్తె దానికి షుగరు వచ్చిందట. రోగం ఎక్కడ పుడుతదో అట్ల తెలిసింది. 1921ల కెనడాల బాంటింగ్, బెస్ట్ మల్ల కుక్కల మీదనే మందు చూసిండ్రు, 1922 జనవరిల 14 ఏండ్ల పిలగానికి ఇచ్చిండ్రు. మా బిడ్డ చదివి చెప్పింది. ఇగ క్యాంటిన్ల ఎవడన్న నవ్వితె ఇదే చెప్త. వదినోళ్లాయన పొద్దుకు రెండుసార్లు పొడిపిచ్చుకునే సూది కుక్కల పానాల మీదికెల్లే వచ్చింది.

ఇగ అసలు పని. వచ్చే నెల బిడ్డ కాన్పు ఉన్నది, హైదరాబాద్ పోవాలె. వదిన అప్పుడు పుట్టింటి కాడ పెండ్లికి పోతాంది. నువ్వు నాలుగొద్దులు సెలవు పెట్టి రా. ప్లేడే డ్యూటీ పోతదని చూడకు, ఆ పైసలు నేను ఇస్త. నేను పొయ్యేకు ముందుగాలనే ఒకరోజు వస్తె నా ముందట రెండు సూదులు ఇద్దువు, భయం పోతది. ఎర్ర టోపీ సిరంజీలు ఫ్రిజ్ మీద డబ్బల ఉన్నయ్, సీస లోపట తలుపు సందుల, గడ్డ కట్టే అరల మాత్రం పెట్టకు. మస్టర్‌ల నీకు సుత గడి గీసిన. మంథనిల బస్సు మారు. వస్తవో లేదో ఫోన్ చేసి చెప్పు, ఈ వారం ఫస్టు షిఫ్టు, 4 దాటినంక దొరుకుత.

నీ దోస్తు