పొద్దున్నే మొదటి బిల్లు

రాజమండ్రి తాడితోటలో ఓ బట్టల కొట్టు. రాత్రి 9కి కంప్యూటర్ ఆపకుండా షట్టర్ దించేశారు. పొద్దున 10కి మొదటి బిల్లు కొట్టగానే తెరమీద ‘సర్వర్ హ్యాజ్ గాన్ అవే’. గుమాస్తా నెట్‌ని తిట్టిపోస్తాడు. పాపం, నెట్ చేసిందేమీ లేదు.

బిల్లుల లెక్కలు దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమవుట్ మార్చకపోతే 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. అంతసేపు ఉలుకూపలుకూ లేని కనెక్షన్‌ని సర్వరే తెంపేస్తుంది. ఆ సంగతి మళ్లీ బిల్లు కొట్టేదాకా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి తెలీదు.

చాలామంది తెగిన కనెక్షన్‌ని దానంతటదే కలిపే ఆటో రీకనెక్ట్ ఆన్ చేసి చేతులు దులుపుకుంటారు. అసలు తంటా అక్కడే. బిల్లు మధ్యలో లైను తెగితే అప్పటిదాకా రాసింది రద్దయిపోతుంది, మిగతా సగం కొత్త కనెక్షన్ మీద ఎక్కేస్తుంది. స్టాకు తగ్గుతుంది, బిల్లు కనపడదు! 8.0.34 నుంచి మైఎస్‌క్యూఎల్ వాళ్లే ఆ ఆప్షన్‌ని వద్దంటున్నారు. దాని బదులు, సాఫ్ట్‌వేర్ కనెక్షన్లు తెరిచి దాచుకునే పూల్‌లో ఒక్కో కనెక్షన్ ఆయుష్షు 8 గంటల లోపు పెట్టి, తెగినప్పుడు బిల్లంతా మొదటినుంచీ నడిపించాలి.